కందిలి తీగకు సంబంధం వెతికిన మా చిన్నత్త

ఆషాఢంలో, మబ్బు పట్టిన ఒక పొద్దున, హాలియా నుంచి ఫోన్ వచ్చింది. మా చిన్నత్త కిరాయికి ఉండే ఇంటి యజమానురాలు. "మీ అత్త పొద్దెక్కినా తలుపు తీయలే బిడ్డా. మా ఆయన కిటికీల నుంచి చూసిండు. నువ్వు జర జల్ది రా" అన్నది. అప్పుడు నేను షాద్‌నగర్‌లో కంపెనీ బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడి ఉన్నాను. బస్సు వచ్చి ముందర ఆగింది. నేను ఎక్కకపోయేసరికి డ్రైవర్ ఒక్కసారి నా వైపు చూసి బస్సును పోనిచ్చాడు.

నిద్రలోనే గుండె ఆగిందని డాక్టర్ అన్నాడు. చిట్యాల దగ్గరి మా ఊరి నుంచి మా బాపు వచ్చాడు. ఆమెకు ఆయన పెద్దన్న. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు కొందరు వచ్చారు. హాలియాలోనే దహనం చేశాం. అంతా అయ్యాక బాపు ఆమె గది గడప మీద కూర్చుని, "ఒక తోడు లేకపాయె దీనికి" అన్నాడు. ఆ మాట ఆమె బతికి ఉండగా చాలాసార్లు విన్నది. దానికి ఆమె చెప్పిన జవాబు నాకు తెలుసు. కానీ అది ఆ రోజు మా బాపుకు చెప్పే మాట కాదు.

మా చిన్నత్త జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పేది. ఉద్యోగం హాలియాలో దొరికింది, బదిలీ అడగకుండా అక్కడే ఉండిపోయింది, రిటైరయ్యాక కూడా అదే కిరాయి ఇంట్లో ఉన్నది. మాది నేత ఇల్లు. నేను పుట్టేనాటికి మా ఇంట్లో రెండు మగ్గాలు ఆడేవి. చిన్నత్త చిన్నప్పటి నుంచి అచ్చు అతికేది. అంటే మగ్గం మీద పాత చీర అయిపోవచ్చినప్పుడు పాత పడుగు పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలిపి మెలిపెట్టడం. ఆ పనిలో ఆమె వేళ్లను చూస్తూ కూర్చోవడం నాకు ఇష్టంగా ఉండేది. కాలేజీలో చేరాక కూడా ఇంటికి వచ్చినప్పుడల్లా బాపు పక్కన కూర్చుని అతికేది. ఆమె కళ్లద్దాలకు తాడు కూడా మగ్గం మీది పట్టుపోగులను పేనిందే.

చెట్లంటే ప్రాణం ఉన్నవాళ్లు చెట్లతో మాట్లాడతారని అంటారు. మా చిన్నత్త మాట్లాడేది కాదు. మనుషులతోనూ తక్కువే. బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ, ఏ గుట్ట వచ్చినా ఒక్క క్షణం మెడ చాచి చూసి మళ్లీ వెనక్కి ఆనుకునేది. చాయ్ స్టీలు గ్లాసులోనే తాగేది. బండ ఎక్కేటప్పుడు చెప్పులు విప్పి చేత పట్టుకునేది. "చెప్పుకు బండ తెల్వది, కాలుకు తెలుస్తది" అనేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, ఇంటర్ పిల్లలను తీసుకుని దేవరకొండ దారిలో ఒక గుట్టకు పోయినప్పుడు ఆమెకు ఆ తీగ కనిపించింది. ముళ్లపొదల్లో అల్లుకునే సన్నటి తీగ. నేలలో చిన్న గడ్డ ఉంటుంది. ఎండాకాలం పైన ఏమీ కనిపించదు, వానలు పడ్డాక లేస్తుంది. పువ్వు వేలెడంత ఉంటుంది. అడుగున ఉబ్బు, మధ్యలో సన్నటి గొట్టం, పైన అయిదు రేకుల కొసలు ఒకదానికొకటి అతుక్కుని చిన్న బోను లాగా. శాస్త్రంలో దాని జాతిని సెరోపీజియా అంటారు. అంత నోరు తిరగని పేరెందుకని ఆమె కందిలి పువ్వు అన్నది. చూస్తే నిజంగానే పాత కందిలి దీపం లాగే ఉంటుంది. మేమంతా అదే పేరుతో పిలిచాం.

మొదటిసారి ఆమె నాకు ఆ పువ్వును చీల్చి చూపించిన రోజు గుర్తుంది. గొట్టం లోపల సన్నటి నూగు, అంతా కిందికి వాలి ఉంది. అడుగున ఆవగింజ కంటే చిన్న ఈగ ఒకటి తిరుగుతోంది.

"వాసనకు లోపలికి వస్తది. నూగు కిందికి ఉంటది కాబట్టి మళ్ల ఎక్కలేదు. రాత్రంత గీడ్నే ఉంటది. తెల్లారి నూగు వాడిపోతది, అప్పుడు తొవ్వ దొరుకుతది. పోయేటప్పుడు పుప్పొడి మూట మూతికి అంటుకొని పోతది."

"చంపదా అత్తా?"

"చంపితే దాని పని ఎవరు చేస్తరు? ఒక రాత్రి ఉంచుకొని పంపుతది, సుట్టాన్ని పంపినట్టు."

ఆ గుట్ట మీద తీగలు ప్రతి వానాకాలం పూసేవి. కానీ కాయ కాసేది కాదు. ఎప్పుడో ఒకటీ అరా కాసినా లోపల దాదాపు అన్నీ తాలు గింజలే. ఆమె సెలవు దొరికినప్పుడల్లా గుట్టకు పోయి పొదల దగ్గర కూర్చునేది. ఈగలు వస్తున్నాయి, పుప్పొడి మోస్తున్నాయి, పక్క తీగకు పోతున్నాయి. అయినా పువ్వు వాడి రాలిపోయేది. కారణం పట్టుకోవడానికి ఆమెకు కొన్ని ఏళ్లు పట్టింది.

అది నాకు ఆమె గుట్ట కొన మీద నిలబెట్టి చెప్పింది. అక్కడి నుంచి చూస్తే ఒక దిక్కు సాగర్ కాలువ కింది వరి పొలాలు, కంటికి ఆనినంత దూరం పచ్చగా. ఇంకో దిక్కు సగం కోసిన గుట్ట, దాని కింద క్రషర్ దుమ్ము. మూడో దిక్కు కొత్త రోడ్డు.

"గీ పచ్చదనం చూసి మోసపోకు. గా ఈగకు వరి పొలమంటే సముద్రమే. దాటలేదు. ఒకప్పుడు గీ రాళ్ల నేల, ముళ్లపొదలు, గుట్టకు గుట్టకు నడుమ ఎడం లేకుంట ఉండె. గాడి పుప్పొడి గీడికి, గీడిది గాడికి మెల్లమెల్లగ పోతుండె. ఇప్పుడు ముక్కలు ముక్కలైంది. గీ గుట్ట మీద మిగిలినయన్ని ఒక్క తల్లి పిల్లలు. అక్కచెల్లెండ్లు, అన్నదమ్ములు. మనోళ్లల్ల ఇంటిపేరు ఒక్కటైతే పిల్లనియ్యరు కద? దానికి గదే లెక్క. పుప్పొడి వస్తది, నా ఇంటిదే అని గుర్తుపట్టి వద్దంటది."

"మరి ఏం చెయ్యాలె?"

"బయటి సంబంధం చూడాలె" అని నవ్వింది.

ఆమె నవ్వింది గాని, ఆ మరుసటి ఏడాది నవ్వు లేదు. వానలు ఎగ్గొట్టి ఆలస్యంగా ఒక్కసారే పడ్డాయి. తీగలకు ఏదో తెగులు తగిలి గుట్ట మీద ఒక కొస నుంచి ఇంకో కొస దాకా ఆకులు నల్లబడ్డాయి. ఆమె ఒక్కొక్క పొద దగ్గర వంగి చూసుకుంటూ పోయింది. చివరి పొద దగ్గర నడుం ఎత్తి, "ఒక్కటన్న తట్టుకోలేదు చూడు. అన్నీ ఒక్క తీరువే. ఒకదానికి చేతగానిది ఇంక దేనికీ చేతగాదు" అన్నది. గడ్డలు నేలలో బతికి ఉండటంతో మరుసటేడు కొన్ని లేచాయి. ముందున్నన్ని లేవలేదు.

అప్పటి నుంచి సెలవులన్నీ బస్సుల్లోనే గడిచాయి. నల్లగొండ, పాలమూరు దిక్కు ఎక్కడ రాళ్లగుట్ట ఉందని తెలిసినా పోయేది. పొద్దున డబ్బాలో జొన్నరొట్టె, పచ్చడి పెట్టుకుని పోయి, పొద్దు గూకే వేళకు తిరిగి వచ్చి, తాళం తీసుకుని చీకటి ఇంట్లోకి అడుగుపెట్టేది. ఏమైందని అడిగేవాళ్లు ఆ ఇంట్లో లేరు. నాకు ఫోన్ చేసేది. "లేదు" అనేది. అంతే. తర్వాత నా ముచ్చట్లు అడిగేది.

ఆ రోజుల్లోనే మా చిట్యాల దిక్కు ఒక పెండ్లిలో, ఆమె వినేటట్టే ఒక దూరపు చుట్టం అన్నది. "పూసి కాయని తీగ ఎంట పడి తిరుగుతాందట. ఆమె కత కూడ గదే కద." పక్కనున్న ఆడవాళ్లు కొందరు నవ్వారు. చిన్నత్త విస్తరి ముందు కూర్చుని తలవంచి తింటూనే ఉంది. తిరుగు ప్రయాణంలో బస్సు సగం దూరం పోయాక తనంతట తానే అన్నది.

"మనిషి కాయ కాయనీకే పుట్టిందని ఆమెకు ఎవరు చెప్పిన్రో. నాకు గా ఫికర్ ఎన్నడు లేదు బిడ్డా. గా తీగ వేరు. అది కాయ కోసమే పూస్తాంది. ఏడాదికేడాది పూస్తాంది. గందుకు నాకు దాని మీద బాధ. నా మీద కాదు."

తర్వాత చాలాసేపు కిటికీ బయటికి చూసింది. నేను ఆమె చేయి పట్టుకున్నాను. తీసేయలేదు.

ఇంతలో నాకు షాద్‌నగర్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది, పెండ్లయింది, అక్కడే కాపురం పెట్టాం. ఒక శ్రావణంలో చిన్నత్త మా ఇంటికి వచ్చింది. మా కాలనీ వెనక చిన్న బోడగుట్ట ఉండేది. పొద్దున చాయ్ తాగి అటు నడకకు పోయిన మనిషి ఎండ ముదిరే దాకా రాలేదు. నేను భయపడి వెతుక్కుంటూ పోయాను. ఒక ముళ్లపొద ముందర చెప్పులు పక్కన పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చీర కొంగుకు ముళ్లు పట్టుకుని ఉన్నాయి, విడిపించుకోలేదు కూడా.

"చూడు" అన్నది.

అదే పువ్వు. గొట్టం కొద్దిగా పొడుగు, లోపలి మచ్చలు కొద్దిగా ముదురు. ఆ గుట్ట మీద ఒక్క పొదలోనే ఉన్నాయి. వాటికీ కాయ లేదు.

"పిల్ల దొరికింది, పిల్లగాడు దొరికిండు. నడుమ బస్సులే" అన్నది. ఆ రోజు ఆమె ముఖం చూసి మా ఆయన కూడా ఆశ్చర్యపోయాడు. అన్నం రెండోసారి పెట్టించుకున్నది.

పువ్వులను తడిగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టింది. షాద్‌నగర్ నుంచి కల్వకుర్తి, అక్కడి నుంచి దేవరకొండ, అక్కడి నుంచి ఆ గుట్ట. డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆ ఏడు బస్సు దారిలో చెడిపోయి పువ్వులు మెత్తబడి పోయాయి. మరుసటి ఏడు పువ్వులు బాగానే చేరాయి గాని పని కుదరలేదు. ఆ పువ్వు పుప్పొడి దుమ్ము లాగా రాలదు. రెండు రెండు ముద్దలుగా ఒక మూటలో ఉంటుంది. ఆ మూట కొసను ఇంకో పువ్వు లోపలి సన్నటి చీలికలో సరిగ్గా దిగేటట్టు పెట్టాలి. పట్టుకారుతో పట్టుకుంటే నలిగిపోయేది. సూది పెద్దదయ్యేది.

మూడో వానాకాలం నేను కూడా సెలవు పెట్టి ఆమెతో పోయాను. గుట్ట మీద కూర్చున్నాక, "నీ జడల నుంచి ఒక ఎంటిక తియ్యి" అన్నది. దాన్ని చిన్న ముక్క చేసి అగ్గిపుల్ల కొసకు జిగురుతో అతికించింది. కళ్లద్దాల మీద భూతద్దం ఒకటి కట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆ వెంట్రుకతో మూటను ఎత్తి పువ్వు లోపలికి దించింది. నాకు చిన్నప్పుడు మగ్గం దగ్గర చూసిన వేళ్లు కనిపించాయి. ఒక్కొక్క పువ్వుకు చాలాసేపు పట్టింది. ఒకటి అయ్యాక వెల్లకిలా బండ మీద పడుకుని కళ్లు మూసుకునేది. మళ్లీ లేచేది. గాలి ఆగినప్పుడు ఆమె పని చేసింది, గాలి వచ్చినప్పుడు ఆగింది.

కొన్ని వారాల తర్వాత ఫోన్ వచ్చింది. ఈసారి "లేదు" అనలేదు.

"అత్తా?"

"నిలిచింది. జంట కాయలు. మేక పిల్ల కొమ్ముల తీరుగ ఉన్నయి" అన్నది. ఆ రోజు నా ముచ్చట్లు అడగడం మరిచిపోయింది.

ఆ కాయలు పగలకముందే వాటికి పలుచటి గుడ్డ కట్టి గింజలు తీసుకున్నది. గుట్ట మట్టి తెచ్చి డాబా మీద డబ్బాల్లో నాటింది. మొలిచాయి. పాత కాయల్లో ఎప్పుడైనా గట్టి గింజ దొరికి మొలిచినా నాలుగాకులకే పాలిపోయేవి. ఇవి అట్లా కాదు. ముదురు ఆకులు, గట్టి కాడలు. వాటిని మళ్లీ గుట్టకు తీసుకుపోయి ముళ్లపొదల మధ్య నాటింది. గుట్ట మీద మేకలు కాసే ఒక ఆమెకు ఆ పొదలు చూపించి, మేకలను అటు పోనియ్యవద్దని చెప్పుకున్నది.

ఆ పని జరిగిన ఏడాదే షాద్‌నగర్‌లో మా వెనక గుట్టకు ప్లాట్ల రాళ్లు పాతారు. నేను ఫోన్ చేయగానే చిన్నత్త వచ్చింది. ఇద్దరం అక్కడి షెడ్డులో కూర్చున్న మేనేజర్ దగ్గరికి పోయాం. మర్యాద గల మనిషి. కుర్చీలు వేయించాడు.

"ఒక్క పొద కోసమా మేడమ్? మీరే తీస్కపోండ్రి. తవ్వనీకి మనిషిని నేనిస్త" అన్నాడు.

"పొద తీస్కపోతే అయిపోదు సార్. గా ఈగలు గీ జాగలనే ఉంటయి. వాటిని నేనెట్ల తీస్కపోవాలె?" అన్నది ఆమె.

"అది నా చేతుల లేదు మేడమ్" అన్నాడు. నిజమే చెప్పాడు.

గునపంతో గడ్డలు తీశాం. కొన్ని రాళ్ల మధ్య ఇరుక్కుని తెగిపోయాయి. మిగిలినవి ఆమె హాలియాకు తీసుకుపోయింది. ఆ ఏడు వానలకు డబ్బాల్లోనే కుళ్లిపోయాయి. తర్వాత ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు వెనక కిటికీ తెరిచి చూసింది. అక్కడ చదును చేసిన ఎర్రమట్టి, సున్నం వేసిన రాళ్లు. "ఇంక గీడి రక్తమంత గాడి పిల్లలల్లనే ఉన్నది" అని కిటికీ దగ్గరికి వేసింది.

పిల్ల తీగలు పెరిగి దేవరకొండ దారి గుట్ట మీద నిరుడు మొదటిసారి పూశాయి. అప్పటికి ఆమె మోకాళ్లు పూర్తిగా పోయాయి, గుట్ట ఎక్కలేకపోయింది. నేను ఎక్కి చూసి వచ్చి చెప్పాను.

"పూసినయత్తా."

"కాయ?"

"ఇంకా లేదు."

"కానియ్. మనం చేయి పెట్టకుంట కాస్తెనే అది కాసినట్టు" అన్నది. కార్తీకంలో మళ్లీ పోయి చూశాను. నిరుడు కాయలేదు. ఆ సంగతి చెబితే తల ఊపి, నా కోసం చాయ్ పెట్టడానికి గోడ పట్టుకుని లేచింది.

ఈ ఏడు తీగలు నేలలోంచి లేస్తున్న రోజుల్లోనే ఆమె పోయింది.

కార్తీకంలో ఒక ఆదివారం ఒక్కదాన్నే బస్సెక్కి పోయాను. ముందు హాలియాలో దిగి ఆమె ఉన్న ఇంటి ముందు కాసేపు నిలబడ్డాను. వేరేవాళ్లు దిగారు. డాబా మీద చిన్నపిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. యజమానురాలు లోపలికి రమ్మన్నది గాని పోబుద్ధి కాలేదు.

గుట్ట మీద మేకలు కాసే ఆమె నన్ను దూరం నుంచే గుర్తుపట్టింది. "మీ మేడం రాలేదా? నిరుడు గూడ రాలే. కాళ్ల నొప్పులు తగ్గినయా?" అని అడిగింది.

ఆమెకు తెలియదు. చెప్పేవాళ్లెవరు? నేను చెప్పాను. ఆమె చేతి కర్రను బండ మీద పడుకోబెట్టి, దాని పక్కనే కూర్చున్నది. "నాతోటి ఒక్కపారి గూడ పెద్దగ మాట్లాడలే. మంచినీళ్ల బాటిల్ మాత్రం సగం తాగి సగం నాకిచ్చేది" అన్నది.

నేను లేచి పొదల దగ్గరికి పోయాను. ఆకులు పండుబారి ఉన్నాయి. ముళ్లను పక్కకు జరిపి చూస్తుంటే, షాద్‌నగర్ పుప్పొడితో పుట్టిన పిల్ల తీగ పక్కన అల్లుకున్న పాత తీగకు జంట కాయలు కనిపించాయి. ఇంకో పొదలో ఇంకో జంట. ఎవరూ చేయి పెట్టలేదు. పెట్టే మనిషే లేదు. ఒక కాయ అప్పటికే నిలువునా పగిలి, లోపల గోధుమరంగు గింజలు, వాటికి పట్టు లాంటి తెల్లటి కుచ్చులు.

మేకలామె నా వెనక వచ్చి నిలబడింది. "గిదేనా? గిందుకేనా గన్నేండ్లు తిరిగింది?"

"గిందుకే."

ఆమె వంగి చూసింది. ఒక్కటి కూడా ముట్టుకోలేదు. "చూసి పోవాల్సింది పాపం" అన్నది. కాయ కాసిన ఈ సంగతిని ఎవరితో పంచుకోవాలో నాకు తెలియలేదు. తెలిసినవాళ్లెవరికి చెప్పినా, అవునా అంటారు. చిన్నత్త అయితే ఏ తీగకు, ఏ దిక్కున, గింజ గట్టిదేనా అని అడిగేది.

గాలి లేచింది. పగిలిన కాయలోంచి కుచ్చులు ఒకటొకటే విడివడి లేచాయి. కొన్ని పొదల్లో చిక్కాయి, కొన్ని బండ మీద దొర్లాయి. పొద్దు వాలుతుండటంతో మేకలామె అదిలించి మేకలను కిందికి తోలుకుంది. వాటిలో ఒక నల్ల మేక వీపు మీద ఒక కుచ్చు పడి అంటుకుంది. అది నడుస్తుంటే ఆ తెల్లటి చుక్క కొంచెం కొంచెం ఊగుతూ, రాళ్ల నడుమ నుంచి క్రషర్ దిక్కుగా, దాని అవతల ఉన్న ఇంకో చిన్న గుట్ట వైపు పోయే బాటలో దిగిపోయింది. మలుపు తిరిగే దాకా నాకు కనిపిస్తూనే ఉంది.